ఏటిగట్టు వాడకం: నియమం వెనుక నేలశాస్త్రం

గోదావరి డెల్టాలో ఏటిగట్టుకు ఏడాదిలో కొద్దిరోజులే అసలు పని పడుతుంది. జూలైకీ అక్టోబరుకీ మధ్య ఏరు నిండి గట్టును ఒరుసుకుంటూ పారే ఆ నాలుగు రోజులు తప్పిస్తే, మిగతా కాలమంతా అది ఊరి అవసరాలకు పనికొచ్చే స్థలం. పిల్లలు దాని మీదుగా సైకిళ్ల మీద బడికి వెళ్తారు. లంకల్లో కోసిన అరటిగెలలు, కూరగాయలు గట్టెక్కి ఊళ్లోకి వస్తాయి. గేదెలు దాని మీదుగానే ఏట్లోకి దిగుతాయి. పంట రోజుల్లో ధాన్యం ఆరబోస్తారు, గడ్డిమేట్లు వేస్తారు. జాగా లేనివాళ్లు పాకలు వేసుకుంటారు. ఇసుక ర్యాంపు ఉన్నచోట లారీలు బారులు తీరతాయి. గట్టు నిలుస్తుందా, తెగుతుందా అన్నది వరదనాడు బయటపడుతుంది గానీ, దాన్ని నిర్ణయించేది ఈ మిగతా రోజుల వాడకమే. అందుకే గట్టు మీద ఎవరు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పే నియమాలు వరద రక్షణలో మట్టిపనికి సమానమైన భాగం. ఈ అధ్యాయంలో చెప్పదలచింది ఒక్కటే: ఆ నియమాల్లో ప్రతిదీ గట్టు ఎలా తెగుతుందన్న శాస్త్రం నుంచి పుట్టాలి, ఆ కారణం ఊరందరికీ తెలిసి ఉండాలి. గట్టు మీదికి జనాన్ని అసలు రానివ్వకపోవడమూ, ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేయడమూ, రెండూ గట్టును బలహీనపరిచేవే.

డెల్టా నేల తీరు తెలిస్తే ఇంత పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. నది పొంగినప్పుడల్లా బరువైన ఇసుకను ఒడ్డునే వదిలి, తేలికైన ఒండ్రును దూరంగా మోసుకెళ్తుంది. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి ఒడ్డు మెరకగా, దానికి ఎడంగా ఉన్న నేల పల్లంగా తయారవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక వరిచేలూ ఊళ్లూ ఆ పల్లంలోనే పెరిగాయి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న కోనసీమలో పెద్ద వరద వచ్చినప్పుడు ఏటి నీటిమట్టం పొలం కంటే ఎంతో ఎత్తున ఉంటుంది. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్ల నీరు. గట్లు చాలాచోట్ల తెగాయి. 2006 ఆగస్టులో 28 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు కోనసీమలో మళ్లీ గండ్లు పడ్డాయి. 2009 అక్టోబరులో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారినప్పుడు రేపల్లె ప్రాంతంలో ఓలేరు దగ్గర కరకట్ట తెగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి, విజయవాడలో పెద్ద భాగం రోజుల తరబడి నీళ్లలో నానింది. వీటిలో వరద ఉధృతే మొదటి కారణం, సందేహం లేదు. అయితే అదే వరద మైళ్ల పొడవునా గట్టును తాకుతుంది, తెగేది మాత్రం ఏదో యాభై గజాల మేర. ఆ యాభై గజాలే ఎందుకు తెగాయన్న ప్రశ్నకు జవాబు ఒక్క వరదలో దొరకదు.

గట్టు బలాన్ని సగటు కట్టి చెప్పలేం. పది కిలోమీటర్ల గట్టులో తొమ్మిది కిలోమీటర్ల తొమ్మిది వందల తొంభై మీటర్లు దిట్టంగా ఉండి, పది మీటర్లు బలహీనంగా ఉంటే ఆ గట్టు మొత్తం బలహీనమైనట్టే. గట్టు పైతలాన్నే తీసుకుందాం. దాని మీదుగా నీరు పొర్లినప్పుడు మీటరు పొడవుకు పారే నీటి పరిమాణం లోతుతో పాటు సమానంగా పెరగదు, లోతుకు ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది. పది సెంటీమీటర్ల లోతున పొర్లితే మీటరుకు సెకనుకు సుమారు 54 లీటర్లు దిగుతాయి. అదే చోట బండి చక్రాలు ఇరవై సెంటీమీటర్ల గాడి చేసి ఉంటే లోతు ముప్ఫై సెంటీమీటర్లవుతుంది, దిగే నీరు సుమారు 280 లీటర్లవుతుంది. లోతు మూడింతలైతే నీరు ఐదింతలకు మించింది. వరద గట్టు అంచుకు ఐదు సెంటీమీటర్ల కిందనే ఆగిపోయిందనుకుంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మిగతా గట్టంతా పొడిగానే ఉంటుంది, నీళ్లు ఆ గాడి ఒక్కదాంట్లోంచే దూకుతాయి. దూకిన నీరు ఊరివైపు వాలును కోస్తుంది, కోత గాడిని లోతు చేస్తుంది, లోతు పెరిగిన కొద్దీ నీరు మరింత దూకుతుంది. కొన్ని గంటల్లో అది గండి. గాడి చేసిన మనిషి గట్టును తెంచాలనుకోలేదు, లంకలోంచి పంటను దాటించాలనుకున్నాడు, అంతే. ఒక్క బండి వల్ల ఏమవుతుందన్న మాట నిజాయితీగా అన్నదే కావచ్చు. కానీ లెక్క వేయాల్సింది బండ్ల సంఖ్యను కాదు, అవన్నీ కలిసి ఒకేచోట మిగిల్చిన లోతును. అందుకే బండ్లు గట్టు దాటడానికి ఊరికి ఒకటో రెండో చోట్ల గట్టు ఎత్తు తగ్గకుండా, రాయి పరిచిన ర్యాంపులు ఉండాలి. వాటి మీదుగానే దాటాలన్నది నియమం కావాలి. ర్యాంపు కట్టకుండా దాటవద్దని బోర్డు మాత్రం పాతితే ఆ నియమం బోర్డు మీదే మిగిలిపోతుంది.

పైనుంచి పొర్లడం కంటికి కనిపించే ప్రమాదం. కంటికి కనిపించనిది కిందనుంచి వచ్చే ఊట. డెల్టాలో చాలాచోట్ల పైన మీటరో రెండు మీటర్లో బంకమట్టి, దాని కింద ఇసుక పొరలు ఉంటాయి. ఏరు నిండినప్పుడు ఆ ఇసుక గుండా నీరు గట్టు కిందుగా ఊరివైపు వస్తుంది. ఎంత పొడవైన దారిలో వస్తే దాని జోరు అంతగా తగ్గుతుంది. ఈ సంగతిని బ్లై అనే ఇంజనీరు 1910లో ఒక తేలిక లెక్కగా కూర్చాడు: సన్న ఇసుక నేల మీద, రెండు వైపుల నీటిమట్టాల తేడాకు కనీసం పదిహేను రెట్లు ఉండాలి నీటి దారి పొడవు. తర్వాత ఇంతకంటే నిశితమైన పద్ధతులు వచ్చినా మొదటి అంచనాకు ఇది ఇప్పటికీ పనికొస్తుంది. తేడా నాలుగు మీటర్లయితే దారి అరవై మీటర్లుండాలి. గట్టు అడుగు వెడల్పు ఒక్కటే ఆ అరవై మీటర్లను ఇవ్వలేదు, గట్టు మొదట్లో, అంటే ఊరివైపు దాని అడుగు పక్కన, కదలకుండా ఉన్న బంకమట్టి పొర కలిస్తేనే ఆ దారి పూర్తవుతుంది. ఆ పొర బరువుతో కూడా కాపలా కాస్తుంది. చదరపు మీటరు మేర మీటరు మందం బంకమట్టి సుమారు 1.8 టన్నులు తూగుతుంది, అంతే మేర మీటరు నీరు ఒక టన్ను. అంటే ఆ మీటరు మట్టి, నేలకు 0.8 మీటరు పైదాకా లేవాలని చూసే ఊట ఒత్తిడిని అణిచిపెట్టగలదు. ఇటుకబట్టీకో ఇంటి మెరకకో ఆ మట్టిని తవ్వుకుపోతే, చేపల చెరువు కోసం గట్టు పక్కనే గొయ్యి తీస్తే, పోయింది మట్టి ఒక్కటే కాదు. నీటి దారి కురచవుతుంది, ఊటను అణిచే బరువు తగ్గుతుంది. అప్పుడు వరదవేళ పొలంలో చిన్న చిన్న బుగ్గల్లా నీరు ఇసుకను వెళ్లగక్కుతుంది. ఆ ఇసుక గట్టు కిందనుంచి వస్తున్నదే. పట్టాభూమిలో ఏం తవ్వుకుంటే మీకెందుకని యజమాని అడగవచ్చు. అతడి భూమి అతడిదే, కానీ దాని కింద పారే ఊటకు సరిహద్దు రాళ్లు ఉండవు. గట్టు మొదటి నుంచి ఇంత దూరం దాకా తవ్వరాదన్న నియమానికి ఆధారం ఇదే. ఆ దూరం ఊరూరికీ మారాలి కూడా, ఎందుకంటే కింద ఇసుక ఎంత లోతున ఉందో ఊరూరికీ మారుతుంది.

గట్టు కడుపులో జరిగే మరో సంగతి కన్నాలు. పందికొక్కులు, ఎలుకలు, ఎండ్రకాయలు, చెదలు గట్టును లోపల గుల్ల చేస్తాయి. 2008 జనవరిలో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ట్రకీ కాలువ గట్టు తెగి ఫెర్న్‌లీ పట్టణంలో వందల ఇళ్లు మునిగాయి, పరిశోధనలో ఎలుకజాతి జంతువుల కన్నాలే కారణమని తేలింది. 2014 జనవరిలో ఇటలీలో సెక్కియా నది గట్టు తెగినప్పుడు కూడా నిపుణులు అడవి జంతువులు తవ్విన బొరియలనే వేలెత్తి చూపారు. అక్కడ నీరు గట్టు మీదుగా పొర్లనే లేదు. మన ఊళ్లలో ఈ జంతువులను గట్టు దగ్గరికి పిలిచేవి గడ్డిమేట్లు, ఆరబోసిన ధాన్యం, చెత్తకుప్పలు. తిండి, నీడ దొరికిన చోటే పందికొక్కు కలుగు తవ్వుతుంది. పైగా గడ్డిమేటు కింద కలుగు ఉన్నా ఎవరికీ కనిపించదు. కాబట్టి గట్టు మీద గడ్డిమేటు వేయరాదన్న నియమం అందం కోసమూ కాదు, దారికి అడ్డమనీ కాదు, గట్టు ఒంటిని తనిఖీకి తెరిచి ఉంచడానికి. ఇదే తర్కంతో పచ్చిక గురించీ ఆలోచించాలి. గరిక దట్టంగా అల్లుకున్న వాలు మీద సెకనుకు రెండు మీటర్ల వేగంతో నీరు పారినా గంటల తరబడి ఓర్చుకుంటుంది. అక్కడక్కడ మట్టి బయటపడ్డ వాలుకు ఆ ఓర్పు ఉండదు, ఎందుకంటే నీరు పట్టుకునేది ఆ బట్టతల మచ్చల్నే. నెదర్లాండ్స్‌లో గట్ల మీద గొర్రెలను మేపడం మామూలే. అవి తేలికైనవి కాబట్టి పచ్చికను చీల్చకుండానే పొట్టిగా, చిక్కగా ఉంచుతాయి. వానాకాలంలో నానిన వాలు మీద గేదెల మంద దిగితే గిట్టలు పచ్చికను వేళ్లతో సహా చీలుస్తాయి. మేపు మొత్తాన్ని నిషేధించనక్కర్లేదు. ఎండాకాలం మేపవచ్చు, వాన పడ్డాక ఆపాలి. గేదెలు ఏట్లోకి దిగడానికి రాతిమెట్ల రేవు ఒకటి విడిగా ఉండాలి.

వాహనాల విషయంలో తూకం తప్పకూడదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపిన పెద్ద రోడ్డు పరీక్షలో ఒక సూత్రం తేలింది: రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు మీది బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసుకు ఒక టన్ను మోసే వాహనంతో పోలిస్తే పది టన్నులు మోసే లారీ కలిగించే నష్టం పదింతలు కాదు, దాదాపు పదివేల ఇంతలు. మట్టిగట్టుకు అచ్చంగా ఇదే అంకె వర్తించకపోవచ్చు గానీ లెక్క మొగ్గేది ఇటువైపే, నేల నానినప్పుడు ఇంకా ఎక్కువ. సైకిలు, మోటారుసైకిలు, ఆటో వల్ల గట్టుకు వచ్చే ముప్పు స్వల్పం. అధిక లోడు ఇసుక లారీలదే అసలు ముప్పు. నియమం న్యాయంగా ఉండాలంటే ఈ తేడా అందులో కనబడాలి. పాడిరైతు గేదెను ఆపి, రాత్రంతా లారీలను వదిలేసే ఏర్పాటును ఊరు గౌరవించదు, గౌరవించాలని అడిగే హక్కు కూడా ఎవరికీ ఉండదు. పెద్ద బరువుకు ముందు, చిన్న బరువుకు తర్వాత అన్న వరసలో అమలైతేనే నియమానికి విలువ. గట్టు మీద పనిచేసే కాంట్రాక్టరు వాహనాలకూ అదే కొలత వర్తించాలి.

చెట్ల గురించిన అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి కదా, చెట్టు నాటడం మంచిదే కదా అని ఎవరైనా అడుగుతారు. కొండవాలు మీద అది నిజం. గట్టు మీద మాత్రం చెట్టు ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. చెట్టు చచ్చాక వేరు కుళ్లి గొట్టంలాంటి ఖాళీని వదులుతుంది, ఊటకు అది సిద్ధంగా ఉన్న దారి. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. గట్టు అంచున ఉన్న చెట్టు అలా కూలితే వేళ్లముద్దతో పాటు గట్టు మట్టి కూడా పెల్లగిలుతుంది. ఆ గుంటను పూడ్చకపోతే వచ్చే వరదకు అదే బలహీనమైన చోటు. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం గట్టు మీద, దాని మొదటి నుంచి పదిహేను అడుగుల దాకా చెట్లు ఉండరాదని చాలాకాలం పట్టుబట్టింది. కాలిఫోర్నియాలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. ఆ తర్వాతి పరిశోధనలు చెట్టు కొన్నిచోట్ల గట్టుకు మేలు, కొన్నిచోట్ల కీడు చేస్తుందని చూపాయి. కాబట్టి గుడ్డిగా గొడ్డలి పట్టనక్కర్లేదు. గట్టు పైతలం మీద, ఊరివైపు వాలు మీద, దాని మొదట్లో చెట్టు వద్దు. ఏటివైపు గట్టుకు ఎడంగా ఉన్న మెరక మీద చెట్లు అలల దెబ్బను తగ్గిస్తాయి, అక్కడ పెంచవచ్చు. చెట్లు నాటే ఉత్సాహాన్ని అటు మళ్లించడమే నియమం చేయాల్సిన పని.

ఇళ్ల సంగతి శాస్త్రంతో ఒక్కదానితోనే తేలేది కాదు. గట్టు మీద పాక వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది వేరే జాగా లేక వేసుకున్నవాళ్లే. వరదొచ్చిన ప్రతిసారీ లంకవాసులు తలదాచుకునే మెరక కూడా ఆ గట్టే. అయినా గట్టు వాలును చదును చేసి కట్టిన ఇల్లు గట్టు మందాన్ని తింటుంది. మరుగుదొడ్డి గొయ్యి, వాడకనీటి తూము లోపలికి తడిని పంపుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటి వెనుక ఊట మొదలైతే కాపలా తిరిగే మనిషికి కనిపించదు. ఇవన్నీ నిజమే. కానీ వీటిని చూపించి వరద ముందు జేసీబీ తెస్తే అది న్యాయమూ కాదు, ఫలితమూ ఇవ్వదు. ఖాళీ చేసిన చోటే మళ్లీ పాక లేస్తుంది, ఈసారి రాత్రిపూట, మరింత లోతుగా వాలును తవ్వి. ఇళ్ల స్థలం చేతికిచ్చి, ఇల్లు లేచాక గట్టు ఖాళీ చేయించాలి. ఆ లోపు కొత్త తవ్వకం, కొత్త గొయ్యి రాకుండా చూడాలి. ఇంటి స్థలానికయ్యే ఖర్చును సంక్షేమ ఖర్చుగా మాత్రమే లెక్కేయడం పొరపాటు. అది గట్టు నిర్వహణ ఖర్చు కూడా. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకూడదంటే, గండి పూడ్చడానికి పోసే డబ్బులో చిన్న వాటాను ముందే స్థలాలకు మళ్లించాలి.

ఇంత బాధ ఎందుకు, గట్టు మొత్తానికి కాంక్రీటు పోసి కంచె వేస్తే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. నది మలుపు తిరిగి ఒడ్డును కోసే చోట రాతికట్టు తప్పనిసరి, అందులో వాదన లేదు. అయితే కాంక్రీటు పలక కింది మట్టి కుంగితే పైకి తెలియదు, పలక నిలిచే ఉంటుంది, అడుగున డొల్ల పెరుగుతుంది. నల్లరేగడి కలిసిన మట్టి ఎండల్లో బీటలు వారుతుంది, మట్టిగట్టు మీద ఆ బీట కనిపిస్తుంది, పూడ్చవచ్చు. 2003 ఆగస్టులో నెదర్లాండ్స్‌లో విల్నిస్ దగ్గర ఒక గట్టు వరదే లేని కరవు వేసవిలో, ఎండి తేలికపడి జారిపోయింది. గట్టును అన్ని ఋతువుల్లోనూ కనిపెట్టి ఉండాలని ఆ ఘటన చెప్పింది. అలా కనిపెట్టే కళ్లు ఎవరివి? వందల కిలోమీటర్ల గట్టుకు కాపలా చూసే లస్కర్లు కొద్దిమంది. రోజూ గట్టు మీద నడిచేవాళ్లు వేలమంది. కొత్త బీట, కొత్త కలుగు, మొన్న లేని తడి మచ్చ మొదట కనబడేది వాళ్లకే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్టు తక్కువ ఎత్తున్న చోట్ల ఇసుక బస్తాలు పేర్చడంలో ఊరి జనం చేతులు కలిపారు. ఏ చోటు పల్లమో వాళ్లకు తెలియబట్టే అది సాధ్యమైంది. కంచె వేసి జనాన్ని దూరం చేస్తే కబ్జాదారు ఎలాగూ దూరతాడు, కాపలాదారు మాత్రం దూరమవుతాడు.

చట్టం లేకపోవడం మన సమస్య కాదు. గోదావరి, కృష్ణ వంటి నదుల ఒడ్లను కాపాడటానికి 1884లోనే నదుల పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ ఒడ్ల పరిధిలో కట్టడానికి, నాటడానికి, తవ్వడానికి అధికారి అనుమతి కావాలన్న భావన అప్పటిదే. చట్టం ఉన్నప్పుడు ఊరి నియమాలు దేనికని అడిగితే జవాబు ఇది: చట్టం అధికారం ఇస్తుంది, ఫలానా మలుపు దగ్గర ఇసుక పొర రెండు మీటర్ల లోతునే ఉందని, ఫలానా రేవులో గేదెలు దిగుతాయని దానికి తెలియదు. నెదర్లాండ్స్‌లో నీటి బోర్డులు పదమూడో శతాబ్దం నుంచి ఈ పని చేస్తున్నాయి. గట్టు ఒంటి మీద కఠినమైన నియమం, దాని పక్క పట్టీలో కొంత సడలింపు, ఇంకా ఎడంగా మరికొంత సడలింపు, ఇలా పట్టీలుగా విభజిస్తాయి. వాళ్ల తుపాను ఋతువైన అక్టోబరు నుంచి మార్చి దాకా గట్టును తవ్వే పనులను సాధారణంగా ఆపేస్తాయి. పోటు వేళ కాపలాకు శిక్షణ పొందిన ఊరి స్వచ్ఛంద దళాలూ ఉంటాయి. మనకు ఆ ఋతువు జూన్‌తో మొదలవుతుంది. పైపు వేయడానికో రోడ్డు వెడల్పుకో గట్టును తెరిచే పని ఏదైనా మే నెలాఖరుకల్లా పూడ్చి, కుదించి ముగించాలి. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల ఘాట్ల పనులకూ ఇదే గడువు ఉండాలి.

ఇప్పుడు చేయదగినది చిన్నదే. ప్రతి ఏటిగట్టు ఊళ్లో వేసవి చివర జలవనరుల శాఖ ఇంజనీరు, లస్కరు, పంచాయతీ సభ్యులు, పాడిరైతులు, లంకరైతులు, గట్టు మీద ఉండేవాళ్లు కలిసి తమ గట్టు పొడవునా ఒకసారి నడవాలి. గాడి ఎక్కడ, కలుగు ఎక్కడ, తవ్విన గొయ్యి ఎక్కడ అని రాసుకుని, వానలకు ముందు పూడ్చాల్సినవాటిని పూడ్చాలి. ఆ నడకలో చూసినదాన్ని బట్టే నియమాలు రాయాలి, ప్రతి నియమం పక్కన కారణం తెలుగులో ఒక్క వాక్యంగా ఉండాలి, ప్రతి నిషేధం పక్కన ప్రత్యామ్నాయం చూపాలి: ఇక్కడ దాటవద్దు, ర్యాంపు అక్కడ ఉంది. మేటు ఇక్కడ వద్దు, పంచాయతీ జాగా అక్కడ ఉంది. కారణం తెలియని నియమాన్ని మనిషి అధికారి కనుమరుగయ్యేదాకా పాటిస్తాడు. కారణం తెలిసిన నియమాన్ని పక్కవాడి చేత కూడా పాటింపజేస్తాడు. గట్టు ఎత్తును ప్రభుత్వం పెంచగలదు, దాని ఖర్చు ప్రభుత్వమే భరించాలి. పెంచిన ఆ ఎత్తు వచ్చే వరదదాకా నిలిచి ఉండాలంటే మాత్రం గట్టు మీద నడిచే ప్రతి మనిషికీ దాని మట్టి గురించి ఇంజనీరుకు తెలిసినంతలో సగమైనా తెలిసి ఉండాలి. ఆ తెలివిడిని పంచడం ఏ రాతికట్టు కంటేనైనా చవక, పైగా అది వరదకు కోసుకుపోయేది కాదు.